బండి గాలితోనే టైరుకు గాలి

చిరంజీవి అబ్బాయికి, మామయ్య ఆశీస్సులు.

బస్సు చాసిస్ మీద కట్టించిన కారవాన్‌లో అరకు వెళ్తున్నావనీ, బ్రేకుల గాలే టైర్లకూ కొట్టుకుంటానంటున్నావనీ అక్క చెప్పింది. మంచి ఆలోచనే. కానీ గాలి ఎక్కణ్ణుంచి తీస్తావన్నదే అసలు సంగతి.

బ్రేకు ట్యాంకుల జోలికి వెళ్ళకు. కంప్రెసర్ గాలి ముందుగా చేరే వెట్ ట్యాంకు నుంచి తీసుకో. అది దాటాక వన్‌వే వాల్వులుంటాయి, నీ పైపు ఊడినా బ్రేకుల గాలి వెనక్కి రాదు. చాలా బళ్ళకు, ట్యాంకు నిండగానే మిగతా గాలిని బయటకు వదిలేసే అన్‌లోడర్ వాల్వు మీదే టైరు గాలికి నాజిల్ ఉంటుంది, ముందు అది వెతుకు. లేకపోతే ఆటోనగర్‌లో ఎయిర్ బ్రేకుల పని తెలిసిన మేస్త్రీ చేత టీ జాయింట్ వేయించు. ట్యాంకుకి వెల్డింగ్ మాత్రం పెట్టనివ్వకు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఒకసారి అనంతగిరి ఘాట్‌లో తొందరపడి బ్రేకు ట్యాంకు నుంచే పైపు లాగాను. క్లిప్పు జారింది. గేజి ముల్లు కళ్ళముందే పడిపోయింది, గాలి పోయేసరికి స్ప్రింగు బ్రేకులు పడి వెనక చక్రాలు బిగుసుకుపోయాయి. మలుపులో బండి అడ్డంగా, వెనకాల హారన్లు. మళ్ళీ గాలి నిండేదాకా నా ప్రాణం నా దగ్గర లేదు.

ట్యాంకు నిండి బుస్సుమన్నాక ఆ నాజిల్‌లోంచి గాలి రాదు. అప్పుడు చక్రాలకు రాళ్ళు పెట్టి, బ్రేకు పెడల్ నాలుగుసార్లు తొక్కు, కంప్రెసర్ మళ్ళీ అందుకుంటుంది. నీ బండి 8 బార్ దగ్గర ఆగేదైతే అది 116 పీఎస్ఐ. 110 కావాల్సిన టైరుకి చివరి నాలుగైదు పీఎస్ఐ చాలా నెమ్మదిగా ఎక్కుతాయి, ఓపిక పట్టు. గాలి టైరు చల్లగా ఉన్నప్పుడే చూసుకో. ఎండలో తిరిగొచ్చాక గేజి ఎక్కువ చూపిస్తే గాలి తీసెయ్యకు.

మన సముద్రపు గాలిలో తేమ ఎక్కువ. రోజూ పొద్దున్నే ట్యాంకుల్లో చేరిన నీళ్ళు పోయేలా డ్రెయిన్ లాగు. మజ్జిగలా తెల్లటి నురగ వస్తే కంప్రెసర్ నూనె నీళ్ళలో కలుస్తోందన్నమాట. అదంతా టైరులోకీ బ్రేకులోకీ పోతుంది, వెంటనే చూపించు.

పొడుగాటి పైపు, బిగించి వదిలేసే క్లిప్పు తెచ్చుకో. గాలి ఎక్కుతుంటే టైరు పక్క భాగానికి ఎదురుగా నిలబడకురా, దూరంగా ముందుకో వెనక్కో జరుగు. గాలి లేకుండా నడిచిన టైరుకీ, విడి ఇనుప రింగుతో టైరును బిగించే చక్రానికీ అసలు రోడ్డు మీద గాలి కొట్టకు. ఆ టైరు లోపల దారాలు తెగి ఉండొచ్చు, రింగు ఎగిరితే మనిషి మిగలడు. స్టెప్నీ వేసుకుని, దాన్ని పంక్చరు కొట్టులో ఇనుప బోనులో పెట్టించు.

ఆదివారం పొద్దున్నే బండి గాజువాక తీసుకురా. నాజిల్ ఎక్కడుందో ఇద్దరం కలిసి చూద్దాం.

మీ మామయ్య