వివక్షపై ఉద్యోగులకు ట్రైనింగ్: ఒక పూట సెషన్ సరిపోతుందా?

మీ కంపెనీలో అందరికీ వివక్ష గురించి ట్రైనింగ్ పెట్టమన్నారని, ఒక పూట సెషన్ పెట్టి చివర్లో చిన్న ఆన్‌లైన్ పరీక్ష పెడితే సరిపోతుందా అని మీరు అడిగారు. సరిపోదు. చాలా ఏళ్లుగా హెచ్ఆర్‌లో ఉంటూ ఇలాంటి ట్రైనింగులు నడుపుతున్నాను కాబట్టి గట్టిగానే చెబుతున్నాను.

2018 మే 29న స్టార్‌బక్స్ అనే కాఫీ షాపుల కంపెనీ అమెరికాలో ఎనిమిది వేలకు పైగా షాపులను మధ్యాహ్నం మూసేసి సిబ్బందికి జాతి వివక్షపై ట్రైనింగ్ ఇచ్చింది. ఆ ప్రయత్నాన్ని నేను తక్కువ చేయను. కానీ ఒక్క మధ్యాహ్నంతో అలవాట్లు మారవని ఆ కంపెనీయే ఒప్పుకుంది. ఫ్రాంక్ డాబిన్, అలెగ్జాండ్రా కలేవ్ అనే సామాజిక శాస్త్రవేత్తలు అమెరికాలోని వందల కంపెనీల లెక్కలు ఏళ్ల తరబడి పరిశీలించారు. బలవంతంగా కూర్చోబెట్టే ట్రైనింగుల వల్ల మేనేజర్ల స్థాయిలో వైవిధ్యం పెద్దగా పెరగలేదని, కొన్నిచోట్ల తగ్గిందని వాళ్లు తేల్చారు. 'నువ్వు తప్పు చేస్తున్నావు' అన్నట్టు మొదలుపెడితే ఎవరైనా ముడుచుకుపోతారు. సెషన్లలో నేను కళ్లారా చూసింది కూడా ఇదే.

అందుకే నేను నిర్వచనాలతో మొదలుపెట్టను, సెషన్‌కి వచ్చినవాళ్లు రాసిన కాగితాలే ముందు పెడతాను. పాత అప్రైజల్ కామెంట్లు, అంటే ఉద్యోగుల పనితీరు మీద మేనేజర్లు రాసినవి తీసుకుని, పేర్లు, మనిషిని గుర్తుపట్టే వివరాలు అన్నీ తీసేసి, 'ఇది ఆడవాళ్ల గురించా, మగవాళ్ల గురించా?' అని అడుగుతాను. చాలావరకు సరిగ్గానే చెప్పేస్తారు. మీటింగులో గట్టిగా వాదించిన మగాయన 'నాయకత్వ లక్షణాలున్నాయి' అనిపించుకుంటాడు. అదే పని చేసిన ఆవిడకి 'కాస్త దురుసు, మాట తీరు మార్చుకోవాలి' అని రాస్తారు. ఆయనకేమో 'ఫలానా ప్రాజెక్టులో ఫలానా సమస్య పరిష్కరించాడు' అని ఉంటుంది, ఆవిడకి 'అందరితో కలిసిపోతుంది' అని ఉంటుంది. ప్రమోషన్ కమిటీలో ఈ రెండో వాక్యం దేనికి పనికొస్తుంది? ఇది చూశాక ఎవరికీ ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు, వాళ్లలో వాళ్లే మాట్లాడుకోవడం మొదలుపెడతారు.

'మా దగ్గర అలాంటివి ఉండవండీ' అనేవాళ్లు ప్రతి సెషన్‌లోనూ ఉంటారు. వాళ్లకి 2004లో అచ్చయిన బెర్‌ట్రండ్, ముల్లైనాథన్ అనే ఆర్థికవేత్తల పరిశోధన చెబుతాను. బోస్టన్, షికాగోల్లో ఉద్యోగ ప్రకటనలకు కల్పిత దరఖాస్తులు పంపారు. అర్హతలు ఒకే స్థాయివి, పేర్లు మాత్రం వేరు. తెల్లవాళ్ల పేర్లనిపించే వాటికి నల్లవాళ్ల పేర్లనిపించే వాటికన్నా సుమారు 50 శాతం ఎక్కువ పిలుపులు వచ్చాయి. ఆ దరఖాస్తులు చూసినవాళ్లలో ఎక్కువమంది తాము వివక్ష చూపిస్తున్నామని అనుకుని ఉండరు.

ఇంటర్వ్యూల దగ్గర మాత్రం మంచి మాటలకన్నా పద్ధతి ముఖ్యం. అందరికీ అవే ప్రశ్నలు వేయాలి. ఒకరితో ఒకరు మాట్లాడుకోకముందే ఎవరి మార్కులు వాళ్లు రాసేయాలి. 'మన టీమ్‌లో ఇమడడు' అని ఎవరైనా అంటే, 'ఈ ఉద్యోగంలో ఏ పని చేయలేడు?' అని అడగడం ప్యానెల్‌లో అందరికీ అలవాటు కావాలి. జవాబు ఉంటే మంచిదే. చాలాసార్లు యాసో, వయసో, ఊరో తప్ప వేరే కారణం ఉండదు.

మరో విషయం, దీన్ని చాలామంది వదిలేస్తారు: ఫిర్యాదు చేసిన మనిషికి ఆ తర్వాత ఏమవుతుంది? 'నీ మంచికే' అంటూ ఫిర్యాదు చేసిన ఒకామెనే వేరే టీమ్‌కి మార్చడం చూశాను. మార్చినవాళ్లు సాయం చేశామనే అనుకున్నారు. కానీ పోయింది ఆమె ప్రాజెక్టు, చూసినవాళ్లంతా ఇక నోరు మెదపకూడదని నేర్చుకున్నారు. మేనేజర్లకి ఈ ఒక్క సంగతి మీద విడిగా గంటసేపైనా కేటాయించండి. ఫిర్యాదు అందిన రోజు ఏం చేయాలి, ఎవరికి చెప్పాలి, ఎవరికి చెప్పకూడదు అన్నది వాళ్ల చేత ప్రాక్టీస్ చేయించండి.

నిజంగా మీకు ఇచ్చింది ఒక్క పూటే అయితే, దాన్ని అందరికీ పంచకండి. ఇంటర్వ్యూలు చేసేవాళ్లని, అప్రైజల్స్ రాసేవాళ్లని మాత్రమే పిలవండి. అదీ అప్రైజల్స్ మొదలయ్యే ముందు వారంలో పెట్టండి. మూడు నెలల తర్వాత కొత్త కామెంట్లు తీసి పాతవాటి పక్కన పెట్టి చూడండి. మిగతావాళ్ల సెషన్లకు బడ్జెట్ అడగడానికి ఆ కాగితాలే మీకు పనికొస్తాయి.