కరోనాలో బియ్యం తీసుకుంటే బ్లాక్‌లిస్టులో పెడతారా?

ప్రశ్న: మాది రాజంపేట దగ్గర పల్లె. మా అమ్మ కువైట్‌లో ఖద్దామాగా, అంటే ఇంటి పనిమనిషిగా చేసేది. జీతం ఇవ్వడం లేదని 2018లో ఆ ఇల్లు వదిలేసి ఖల్లివల్లిగా, అంటే సరైన కాగితాలు లేకుండా బయట పనులు చేసుకుంది. కరోనా లాక్‌డౌన్‌లో తెలుగువాళ్ల సంఘం ఒకటి రూముకు బియ్యం, పప్పు, నూనె తెచ్చిచ్చింది. పాత సివిల్ ఐడీ (కువైట్ గుర్తింపు కార్డు) జిరాక్స్ తీసుకుని సంతకం పెట్టించుకున్నారు. తర్వాత 2020 క్షమాభిక్షలో ఔట్‌పాస్ (పాస్‌పోర్టు లేనివాళ్లకు ఎంబసీ ఇచ్చే ప్రయాణ కాగితం) మీద ఇంటికొచ్చింది. ఇప్పుడు మళ్లీ వెళ్తానంటే, ఆ బియ్యం లిస్టు వల్ల పేరు బ్లాక్‌లిస్టులో పడిందని, తీయించడానికి 1,20,000 కావాలని ఏజెంటు అంటున్నాడు. 20,000 ఫోన్‌పే చేశాం. నిజమేనా?

జవాబు: మిగతా లక్ష ఇవ్వకండి. ఆకలికి బియ్యం తీసుకోవడం నేరమని ఏ చట్టంలోనూ లేదు. ఆ లిస్టు సంఘంవాళ్లు లెక్క కోసం రాసుకున్న కాగితం, అంతే. అసలు 2020 ఏప్రిల్‌లో అకామా (అక్కడ ఉండటానికి అనుమతి) లేనివాళ్లకు జరిమానా మాఫీ చేసి, బస చూపించి, విమానం టికెట్ పెట్టుకున్నది కువైట్ ప్రభుత్వమే. మనవాళ్లకు ఏప్రిల్ 16 నుంచి 20 వరకు తేదీలిచ్చారు. అలా వెళ్లినవాళ్లు కొత్త వీసా మీద తిరిగి రావచ్చని కూడా అప్పుడే ప్రకటించారు. సంఘం ఇచ్చిన పది కిలోల బియ్యానికి శిక్ష వేస్తారా?

నిజంగా అడ్డుపడేవి వేరు. కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) దొంగతనంలాంటి కేసేదైనా పెట్టి ఉండటం, మెడికల్‌లో అన్‌ఫిట్ రావడం. కేసులున్నవాళ్లకు ఆ క్షమాభిక్ష వర్తించలేదు. అమ్మగారిని పంపించేశారు కాబట్టి అప్పటికి కేసు లేదనే అనుకోవచ్చు. అనుమానముంటే వకాల్తా ఇచ్చి కువైట్‌లోని లాయరు చేత కనుక్కోవాలి. అక్కడి హోంశాఖ కంప్యూటర్లో వేలిముద్రలతో ఉన్న రికార్డును రాజంపేట ఏజెంటు చెరిపేస్తాడంటే నేను నమ్మను.

ఇంకో సంగతి. పాస్‌పోర్టు ఈసీఆర్ (గల్ఫ్‌లాంటి చోట్లకు పనికి వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి కావాల్సిన రకం) అయితే, ఆడవాళ్లను గల్ఫ్‌కు ఇంటిపనికి ప్రభుత్వ ఏజెన్సీల ద్వారానే పంపాలి. ఆంధ్రలో అది ఓంక్యాప్. వయసు 30 నిండి ఉండాలి. మీ ఏజెంటు విజిట్ వీసా అంటున్నాడేమో అడగండి. అదే అయితే అమ్మగారు మళ్లీ ఖల్లివల్లి అవుతారు.

ఆ 20,000 సంగతికొస్తే, ఫోన్‌పే స్క్రీన్‌షాట్, అతని వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు డిలీట్ చేయకండి. రిజిస్ట్రేషన్ లేకుండా విదేశాలకు మనుషుల్ని పంపడం 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం నేరం, రెండేళ్ల దాకా జైలు. లేని బ్లాక్‌లిస్టు చూపి డబ్బు లాగడం మోసం, భారతీయ న్యాయ సంహిత 318 కిందికి వస్తుంది. స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి, ఒక కాపీ హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ (విదేశాలకు పనికి వెళ్లేవాళ్ల వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ అధికారి) ఆఫీసుకు పంపండి. ఫిర్యాదు ఇవ్వబోతున్నారని తెలిస్తే డబ్బు వెనక్కిచ్చేవాళ్లను చాలామందిని చూశాను. ఇస్తే తీసుకోండి, రాజీ కాగితం మీద మాత్రం నాకు చూపించకుండా సంతకం పెట్టకండి.

పాత జీతం మీద ఆశ పెట్టుకోవద్దు, ఇన్నేళ్ల తర్వాత అది రాబట్టడం దాదాపు అసాధ్యం.

కొత్త పాస్‌పోర్టు దరఖాస్తులో, ఎప్పుడైనా ఎమర్జెన్సీ సర్టిఫికెట్ మీద తిరిగొచ్చారా అని ఒక గడి ఉంటుంది. ఔట్‌పాస్ అంటే అదే. ఏజెంట్లు అక్కడ 'కాదు' పెట్టిస్తుంటారు. 'అవును' అనే పెట్టండి. దాచిపెడితే అది పాస్‌పోర్టు చట్టం కింద నేరమవుతుంది.