తొమ్మిదో తరగతికే రోజుకు పద్నాలుగు గంటల చదువా?

ప్రశ్న: మాది ఖమ్మం. మా పాప ఐఐటీ ఫౌండేషన్ (ఐఐటీల ప్రవేశ పరీక్ష జేఈఈకి హైస్కూల్ నుంచే తయారుచేసే కోర్సు) ఉన్న స్కూల్లో తొమ్మిదో తరగతి చదువుతోంది. స్కూలు ఉదయం 7.30 నుంచి సాయంత్రం 6 వరకు. ఇంట్లో మేం కూడా టైంటేబుల్ వేసి గోడకు అంటించాం. తెల్లవారుజామున 4.30 నుంచి 6 వరకు, రాత్రి 8 నుంచి 10 వరకు చదవాలి. రెండు వారాలు బాగానే పాటించింది. ఇప్పుడు లేపితే ఏడుపు, రాత్రయితే పుస్తకం మీదే నిద్ర. ఫోన్ ఇవ్వకపోతే గొడవ. మా పక్కింటి అబ్బాయి ఇదే స్కూల్లో చదివి జేఈఈలో మంచి ర్యాంకు తెచ్చుకున్నాడు. దసరా సెలవుల తర్వాత పాపను కింది సెక్షన్‌కు మార్చారు. ఇంటి దగ్గరున్న మామూలు స్కూల్లో వేద్దామని వాళ్లమ్మ అంటోంది. ఇప్పుడు వదిలేస్తే వెనకబడిపోతుందని నా భయం. రెండు స్కూళ్లనూ పోల్చి చెప్పండి. ఇంట్లో ఎలాంటి రూల్స్ పెట్టాలో కూడా చెప్పండి.
– ఓ తండ్రి

జవాబు: ఊళ్లు మారుతుంటాయి గానీ ఈ ఉత్తరం నాకు కొత్త కాదు. దసరా దాటి సంక్రాంతి వచ్చేలోపు ఇలాంటివి వరసగా వస్తుంటాయి. అందరూ టైంటేబుల్ గురించే అడుగుతారు. లోపల ఉన్న ప్రశ్న మాత్రం వేరు. ‘ఇప్పుడు నేను పట్టు సడలిస్తే, రేపు పిల్ల జీవితం పాడైందన్న నింద నా మీద పడుతుందా?’ ముందు దానికే జవాబు చెబుతాను. పడదు. తొమ్మిదో తరగతిలో ఆరింటి దాకా నిద్రపోయినంత మాత్రాన ఏ కాలేజీ సీటూ చేజారిపోదు. జేఈఈ సిలబస్ ఇంటర్ రెండేళ్ల సిలబస్. దానికి కావాల్సిన పునాది తొమ్మిది, పది తరగతుల పాఠ్యపుస్తకాల్లోనే ఉంది. మీ పాపకు ఇంకా పదో తరగతి ఉంది, ఆ తర్వాత రెండేళ్ల ఇంటర్ ఉంది. ‘లేట్ అయిపోయింది’ అని మీకు చెప్పినవాళ్లు ఎవరో గుర్తు చేసుకోండి. అడ్మిషన్ల సీజన్లో ఇంటికొచ్చిన పీఆర్వోయే అయి ఉంటాడు.

మీరు ఉత్తరంలో మధ్యలో ఎక్కడో ఇరికించిన మాట దగ్గర నేను ఆగాను. దసరా సెలవుల తర్వాత సెక్షన్ మార్చారన్నారు. ఏడుపు అప్పుడే మొదలైందా, అంతకుముందు నుంచే ఉందా అన్నది మీరు రాయలేదు. నా అనుభవంలో ఆ రెండూ కలిసే వస్తాయి. ఇలా మార్కులను బట్టి సెక్షన్లు మార్చే షఫ్లింగ్ అంటే పెద్దవాళ్లకు మార్కుల వ్యవహారం. పద్నాలుగేళ్ల పిల్లకు అది పక్కన కూర్చునే స్నేహితురాలు పోవడం, బస్సులో ‘నువ్విప్పుడు ఏ సెక్షన్?’ అని అడిగితే తల దించుకోవడం. నిన్నటిదాకా పేరుపెట్టి పిలిచిన సారు ఇప్పుడు వేరే సెక్షన్‌కే పాఠం చెబుతాడు. ఇవన్నీ మోస్తున్న పిల్లను తెల్లవారుజామున 4.30కి లేపి, ‘మళ్లీ పై సెక్షన్‌కు వెళ్లాలి, లే’ అంటే ఏడవక ఏం చేస్తుంది? ఆమెది బద్ధకం కాదండీ, అవమానం.

ఇలా మార్కులను బట్టి పిల్లలను బ్యాచ్‌లుగా విడగొట్టడం, అందరి ముందు కించపరచడం, శక్తికి మించిన లక్ష్యాలు పెట్టడం వీలైనంత వరకు మానుకోవాలని సుప్రీంకోర్టు 2025 జులైలో విద్యాసంస్థలకు మార్గదర్శకాలు ఇచ్చింది. అవి విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన విద్యార్థిని కేసులో వచ్చాయి. అంటే ఎక్కడో కోచింగ్‌లకు పేరున్న రాజస్థాన్‌లోని కోటాలోనో ఢిల్లీలోనో పుట్టిన గొడవ కాదిది, మన ఇంటి గొడవే. వందమంది, అంతకు మించి పిల్లలున్న సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలని కూడా అందులో చెప్పారు. మీ స్కూల్లో ఎవరున్నారో వెళ్లి అడగండి. అడ్మిషన్ కౌన్సెలర్‌ను చూపిస్తే ఒప్పుకోకండి. పాప ముభావంగా ఉండటం, తిండి తగ్గడం, బతకాలని లేదన్నట్టు మాట్లాడటం కనిపిస్తే మాత్రం స్కూళ్ల గురించి ఆలోచించడం పక్కన పెట్టి వెంటనే మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416కు మీరే ఫోన్ చేసి మాట్లాడవచ్చు.

ఇక ఫౌండేషన్ సంగతి. దీని మీద నాకున్న అనుమానాలు దాచుకోను. తొమ్మిదో తరగతి ఫౌండేషన్ బుక్‌లెట్లు నా టేబుల్ మీదికి తరచుగా వస్తుంటాయి. వాటిలో ప్రక్షేపకం, అంటే గాల్లోకి విసిరిన వస్తువు, ఎంత దూరంలో పడుతుందో కనుక్కోమనే లెక్క ఉంటుంది. దానికి సైన్ టూ తీటా కావాలి. త్రికోణమితి మన పిల్లలకు మొదలయ్యేదే పదో తరగతిలో. ప్రక్షేపకాల పాఠం ఇంటర్ ఫస్టియర్‌ది. మరి తొమ్మిదో తరగతి పిల్ల ఆ లెక్క ఎలా చేస్తుంది? ‘యూ స్క్వేర్ సైన్ టూ తీటా బై జీ’ అని మంత్రంలా బట్టీపడుతుంది. ఏ కోణానికి ఏ విలువ వేయాలో అదీ బట్టీయే. నాలుగు ఆప్షన్లలో ఒకదానికి గుండు దిద్దుతుంది. వీకెండ్ టెస్టులో మార్కు పడుతుంది, మీ ఫోన్‌కు మెసేజ్ వస్తుంది, మీకు సంతోషం.

ఈ ఆదివారం ఓ పని చేయండి. పాపకు తెల్ల కాగితం ఇచ్చి, ఇంటి దగ్గర బయల్దేరిన స్కూల్ బస్సు రెండు స్టాపుల్లో ఆగి స్కూలుకు చేరేదాకా దూరం–కాలం గ్రాఫ్ గీయమనండి. బస్సు ఆగిన చోట గీత ఎలా ఉండాలి? వేగం పెరిగిన చోట ఎలా మారాలి? ఇది తొమ్మిదో తరగతి పుస్తకంలో చెప్పే విషయమే. చక్కగా గీసి, ఎందుకలా గీసిందో మీకు వివరించగలిగితే స్కూలు ఏదైనా పునాది పడుతోందని అర్థం. గీయలేకపోతే తిట్టకండి. తప్పు ఆమెది కాదు, బస్సు గ్రాఫ్ దగ్గర ఆగకుండా పాఠాన్ని ప్రక్షేపకాల దాకా పరుగెత్తించినవాళ్లది.

ఫౌండేషన్ వల్ల లాభపడే పిల్లలు లేరా అంటే ఉన్నారు. లెక్క కనిపిస్తే వదలని పిల్లలు, జవాబు వచ్చాక కూడా ఇంకో దారి ఉందా అని వెతికేవాళ్లు కొందరుంటారు. వాళ్లకు కష్టమైన లెక్కలు ఆటలా ఉంటాయి. వాళ్లను ఎవరూ 4.30కి లేపనక్కర్లేదు. మిగతా పిల్లలను కూడా అదే బెంచీలో కూర్చోబెట్టి అదే ఫీజు తీసుకోవడం దగ్గరే నాకు పేచీ. ఒలింపియాడ్ బ్యాచ్ అన్న బోర్డులూ అంతే. దేశం తరఫున అంతర్జాతీయ సైన్స్, గణిత ఒలింపియాడ్లకు పిల్లలను ఎంపిక చేసే పని ముంబైలోని హోమీ భాభా సైన్స్ విద్యా కేంద్రం చూస్తుంది. స్కూల్లో డబ్బు కట్టించుకుని ఇచ్చే ప్రతి మెడల్‌నూ దానితో కలిపి చూడకండి.

2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ కోచింగ్ సెంటర్లకు మార్గదర్శకాలు ఇచ్చింది. పదహారేళ్ల లోపు పిల్లలను చేర్చుకోకూడదు, లేదంటే పదో తరగతి పరీక్షల తర్వాతే చేర్చుకోవాలి. రోజుకు ఐదు గంటలు మించకూడదు. మరీ పొద్దున్నే, మరీ పొద్దుపోయాక క్లాసులు పెట్టకూడదు. చదవడానికి బాగుంటుంది. అదే కోచింగ్‌ను స్కూలు గోడల లోపలే పెట్టి టైంటేబుల్లో కలిపేస్తే ‘ఇది కోచింగ్ కాదండీ, మా కరిక్యులమ్’ అంటారు. మనం తలాడించి చెక్కు రాస్తాం.

పక్కింటి అబ్బాయి సంగతి కూడా మాట్లాడుకుందాం. 2024లో జేఈఈ మెయిన్‌ను 14 లక్షల మందికి పైగా రాశారు. ఆ ఏడాది ఐఐటీలన్నిట్లో కలిపి సీట్లు 17,740. ఏ స్కూల్లో చదివినా ఈ అంకెలు మారవు. ఫ్లెక్సీ మీద ఆ అబ్బాయి ఫొటో చూశారు, సంతోషం. అదే సెక్షన్లో అతని వెనక బెంచీల్లో కూర్చున్నవాళ్ల గురించి ఆ ఫ్లెక్సీలో ఉండదు. వాళ్లూ ఎక్కడో బాగానే ఉన్నారు, అదీ గుర్తుంచుకోండి. పదో తరగతి తర్వాత పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో చేరి, ఈసెట్‌తో నేరుగా ఇంజినీరింగ్ రెండో సంవత్సరంలోకి వెళ్లినవాళ్లు ఉంటారు. పదో తరగతి మార్కులతో బాసర ట్రిపుల్ఐటీలో ఆరేళ్ల కోర్సులో చేరినవాళ్లు ఉంటారు. ఇంటర్ చదివి ఎప్‌సెట్‌తో మంచి కాలేజీలో చేరినవాళ్లు ఉంటారు. మీ పాప ఇంజినీరే కావాలనుకుంటే దారులు ఇన్ని ఉన్నాయి. అసలు ఇంజినీర్ కావాలనుకుంటోందా? మీ ఉత్తరంలో పక్కింటి అబ్బాయి ర్యాంకు ఉంది. మీ అమ్మాయికి ఏ సబ్జెక్టు ఇష్టమో ఒక్క ముక్క లేదు.

కాస్త కటువుగానే చెబుతున్నాను, ఏమీ అనుకోకండి. మీ టైంటేబుల్ లెక్క కట్టి చూశాను. స్కూల్లో పదిన్నర గంటలు, పొద్దున గంటన్నర, రాత్రి రెండు గంటలు. మొత్తం పద్నాలుగు. మీరు ఆఫీసులోనో షాపులోనో పద్నాలుగు గంటలు పనిచేసి వచ్చిన రోజు ఇంట్లో ఎవరైనా గట్టిగా పలకరిస్తే ఊరుకుంటారా? ఆ చార్టులో స్నానం, టిఫిన్, బస్సు ప్రయాణం ఎక్కడున్నాయి? పాప వాళ్ల అమ్మతో కబుర్లు చెప్పుకునే అరగంట ఎక్కడుంది? తొమ్మిది నుంచి పన్నెండో తరగతి పిల్లలకు హోంవర్క్ రోజుకు రెండు గంటలు మించకూడదని 2020 నాటి స్కూల్ బ్యాగ్ పాలసీ చెప్పింది. అది మామూలు బడి గంటల తర్వాత అనుకుని పెట్టిన లెక్క, సాయంత్రం ఆరింటికి వదిలే బడికి కాదు. రెండు వారాలు ఆ చార్టు పాటించిందంటే మీ పాపది మొండితనం కాదు. మీ మాట మీద గౌరవంతో తన ఒంటికి మించి చేసింది.

ఇంకో మాట. పేరెంట్స్ మీటింగ్‌లో పిల్ల ముందే ‘ఇంత ఫీజు కడుతున్నాం, గట్టిగా చెప్పండి సార్, అవసరమైతే రెండు తగిలించండి’ అనే తండ్రులను చూస్తూనే ఉంటాను. మీరు అలా అన్నారని కాదు. అన్నట్టయితే ఇకముందు అనకండి. పిల్లలను కొట్టడం, మానసికంగా వేధించడం విద్యాహక్కు చట్టం నిషేధించిన పనులు. వాటికి అనుమతి ఇచ్చే హక్కు మీకూ లేదు. ఫీజు మాట కూడా ఇంట్లో ఎత్తకండి. ఆ డబ్బు ఖర్చు పెట్టాలని నిర్ణయించింది మీరు.

రూల్స్ అడిగారు కదా. ముందు నిద్ర. ఈ వయసు పిల్లలకు రోజుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర అవసరం. పైగా ఎదిగే వయసులో శరీరంలోని గడియారమే కాస్త ఆలస్యంగా నడుస్తుంది. రాత్రి త్వరగా నిద్ర పట్టదు, పొద్దున త్వరగా మెలకువ రాదు. అది క్రమశిక్షణ లోపం కాదు. కాబట్టి గోడ మీది చార్టు తీసేయండి. రాత్రి పదింటికల్లా లైటు ఆర్పాలి, ఆరింటికి లేవాలి. ఇదొక్కటీ మీరు పట్టుబట్టాల్సిన రూలు. సాయంత్రం వచ్చాక తిని, కాసేపు ఊరికే కూర్చుని, తర్వాత ఒక గంట చదివితే చాలు. ఆ గంటలో ఏం చదవాలో పాపే ఎంచుకోవాలి. మొదటి వారం తనకిష్టమైందే చదువుతుంది, చదవనివ్వండి. ఆదివారం సగం రోజు ఆమెది.

ఫోన్ గొడవ తేలాలంటే ముందు స్కూలు వాట్సాప్ గ్రూపు సంగతి తేలాలి. హోంవర్క్ అమ్మ ఫోన్‌కు వస్తుంది, అది చూడాలని పాప ఫోన్ తీసుకుంటుంది, హోంవర్క్ రెండు నిమిషాల్లో అయిపోయి మిగతా నలభై నిమిషాలు రీల్స్‌లో పోతాయి. వచ్చిన హోంవర్క్ డైరీలో రాసుకుని ఫోన్ వెంటనే ఇచ్చేయాలి. రాత్రి తొమ్మిదిన్నర తర్వాత ఇంట్లో ఫోన్లన్నీ హాల్లో ఛార్జింగ్‌కు పెట్టాలి. అన్నీ అంటే మీదీ. మీరు మంచం మీద క్రికెట్ చూస్తూ పాప ఫోన్ లాక్కుంటే ఆ రూలు మూడో రోజుకు ఉండదు.

పోల్చమన్నారు. రెండో స్కూలు ఇంటి దగ్గరుందని తప్ప మీరేమీ రాయలేదు కాబట్టి దూరం నుంచి తీర్పు చెప్పలేను. బోర్డు చూసి ఏదీ మంచిదని అనుకోవద్దు. వెళ్లి ఒక తొమ్మిదో తరగతి పిల్ల లెక్కల నోటుబుక్ చూపించమనండి. తప్పు జరిగిన చోట టీచరు ఏదైనా రాశారా, లేక అన్ని పేజీలకూ ఒకటే టిక్కా? లెక్కల టీచరు ఎన్నేళ్లుగా అక్కడ పనిచేస్తున్నారు? ఆటల పీరియడ్ నిజంగా ఉందా? ఈ మూడూ బాగుంటే, నడిచి వెళ్లగలిగే దూరంలో ఉండి నాలుగున్నరకు వదిలే స్కూలు మీ పాపకు ఇప్పుడు మేలు చేస్తుందనే నా అభిప్రాయం. కానీ చివరి మాట ఆమెను అడగండి. ‘నువ్వు చదవలేకపోతున్నావు కాబట్టి మారుస్తున్నాం’ అని మాత్రం అనొద్దు. ఇక్కడే ఉంటానంటే ఉండనివ్వండి, ఫౌండేషన్ క్లాసుల నుంచి మినహాయింపు ఇస్తారేమో ప్రిన్సిపాల్‌ను కలిసి అడగండి.

మార్చాలనుకుంటే ఏడాది మధ్యలో వద్దు, వార్షిక పరీక్షలు అయ్యాక చూడండి. మీ స్కూలు సీబీఎస్ఈ అయితే తొమ్మిదో తరగతిలోనే బోర్డులో రిజిస్ట్రేషన్ అవుతుంది, పదిలో మారడానికి ఆంక్షలుంటాయి కాబట్టి ఇప్పుడే కనుక్కోండి. స్టేట్ సిలబస్ అయితే మీ ఫీజు రశీదు మీదున్న స్కూలు పేరు, ప్రభుత్వ గుర్తింపు పత్రం మీదున్న పేరు ఒకటేనా చూసుకోండి. గుర్తింపు లేని కొన్ని బ్రాంచీలు పిల్లలను వేరే స్కూలు పేరు మీద పదో తరగతి పరీక్షలు రాయిస్తుంటాయి. మీదీ అలాంటిదే అయితే టీసీ ఎవరు ఇస్తారో, ఏ పేరు మీద ఇస్తారో వచ్చే ఏడాది ఫీజు కట్టకముందే కాగితం మీద రాయించుకోండి.