సంఘాన్ని విడిచి వెళ్తున్న పాస్టర్ వీడ్కోలు ఎలా చెప్పాలి?

అయ్యగారూ, వందనాలు. రాయగడలోని మీ తెలుగు సంఘం నుంచి వచ్చే నెల బదిలీ మీద వెళ్తున్నాననీ, కొందరు దాన్ని ఆపించాలని సంతకాలు సేకరిస్తున్నారనీ రాశారు. చివరి ఆదివారం ఏ వాక్యం చెప్పాలని అడిగారు. నేను పాస్టర్ని కాను. పర్లాకిమిడిలో ఒక తెలుగు బాప్టిస్టు సంఘానికి పెద్దని. మీ వీడ్కోలు సంఘానికి ఎలా అందుతుందో చెప్పగలను.

వాక్యం కంటే ముందు ఆ సంతకాల సంగతి చూడండి. దాన్ని మీరే ఆపాలి. పెద్దల చేత చెప్పిస్తే "అయ్యగారికి ఉండాలనే ఉంది, పైకి అనలేకపోతున్నారు" అనుకుని ఇంకో పది మంది సంతకాలు పెడతారు. ఈ ఆదివారమే ప్రకటనల సమయంలో లేచి, నేను వెళ్తున్నాను, కొత్తాయన్ని నన్ను చేర్చుకున్నట్టే చేర్చుకోండి అని నేరుగా చెప్పేయండి. బదిలీ విషయంలో మీకేమైనా బాధ ఉంటే కమిటీతో మాట్లాడుకోండి, జనం ద్వారా వద్దు. మా దగ్గర్లోనే ఒక సంఘంలో ఇలాంటి కాగితం తిరిగింది. బదిలీ ఆగలేదు కానీ సంతకం పెట్టినవాళ్లు, పెట్టనివాళ్లు అని రెండు వర్గాలు మిగిలాయి. కొత్త పాస్టర్ గారు మొదటి కుటుంబ ప్రార్థనకు ఎవరింటికి వెళ్లినా తప్పే అయింది.

మా ఊరి విషయానికొస్తే, ఇక్కడ వెళ్లిపోవడమే కష్టం. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి జమీందారీలో కొంత ఇటు ఒడిశాలోకి వచ్చింది, కొంత మద్రాసు వైపు ఉండిపోయింది. కాగితాల మీద పాతపట్నం వేరే రాష్ట్రం, మాకు మాత్రం పక్క ఊరు, సగం చుట్టాలు అక్కడే. మా పాత పాస్టర్ గారు రిటైరయ్యాక అక్కడే స్థిరపడ్డారు. పిల్లకి జ్వరమొస్తే ఆయనకే ఫోన్ చేస్తారు, గృహప్రవేశం అంటే ఆయన్నే పిలుస్తారు. ఆటో ఎక్కితే వచ్చేస్తారు కదా అని అందరి ధీమా. అలా అయితే కొత్తాయన ఎన్నేళ్లున్నా మా పాస్టర్ కాలేరు. ఈ సంగతి పాత పాస్టర్ గారికి ముందే తెలుసు.

అందుకే చివరి నెలంతా కొత్త పాస్టర్ గారిని వెంటబెట్టుకుని ఇంటింటికీ తిరిగారు. కొన్ని ఇళ్లకు నేనూ వెళ్లాను. మంచం పట్టిన ఒక మామ్మగారి గుమ్మంలో ఆగి, "ఈవిడకి కుడి చెవి వినపడదు, ఎడమ పక్కన కూర్చుని ప్రార్థన చేయండి. ప్రభు భోజన సంస్కారం తెచ్చినప్పుడు రొట్టె ద్రాక్షరసంలో నానబెట్టి ఇవ్వండి, మింగలేరు" అని చెప్పారు. ఇవేవీ సంఘ రిజిస్టర్లో ఉండవు. లోపలికెళ్లాక మామ్మగారు అడిగింది ఒక్కటే: "నా సమాధి కూడికకి మీరొస్తారా అయ్యగారూ?" "వస్తానమ్మా, జనంలో కూర్చుంటాను. వాక్యం వీరు చెప్తారు" అన్నారు. ఆమెకది నచ్చలేదు, గోడవైపు తిరిగిపోయారు. కాసేపటికి మళ్లీ ఇటు తిరిగి, "మీదేవూరు నాయనా?" అని కొత్తాయన్ని అడిగారు. టెక్కలి దగ్గర అనగానే అక్కడి చుట్టాల పేర్లన్నీ ఏకరువు పెట్టారు.

ఆమె పోయినప్పుడు ఆయన అన్నట్టే వచ్చి వెనక వరసలో కూర్చున్నారు. ఒక్క ప్రార్థన చేయమని కొడుకులు పిలిస్తే కొత్త పాస్టర్ గారి వైపు చూశారు. ఆయన తలూపాకే లేచారు. మీరు నిజంగా వెళ్లారని సంఘం నమ్మేది ఇలాంటి చోటే.

మందిరం మానేసిన వాళ్ల ఇళ్లకూ వెళ్లండి. మీతో మాట పట్టింపు వచ్చి మానేసిన వాళ్ల దగ్గరకైతే తప్పకుండా. అందరూ తలుపు తీయరు, అయినా వెళ్లండి.

ఇక వాక్యం. అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయమే నా మాట. పౌలు ఎఫెసు పెద్దల్ని మిలేతుకు పిలిపించి, ఇక నా ముఖం చూడరు అని దాచకుండా చెప్తాడు, వాళ్లు అన్నిటికంటే ఆ మాటకే ఎక్కువ ఏడుస్తారు. చూస్తూనే ఉంటాను, వస్తూనే ఉంటాను అని ఓదార్చకండి. అది ప్రేమతో అనే మాటే గానీ కొత్తాయన కాళ్లకు అడ్డం పడుతుంది. 1 సమూయేలు 12 కూడా చూడండి. నేనెవరి ఎద్దునైనా తీసుకున్నానా అని సమూయేలు జనాన్నే అడుగుతాడు. మా పాస్టర్ గారు ఆ భాగం చదివి కోశాధికారి చేత లెక్కలన్నీ చదివించారు. మనసులో ఉన్న ఫిర్యాదులు మాత్రం ఆ రోజు పీఠం మీదికి తేవద్దు. ఇంకో మాట, మన పిల్లలు ఒడియా బడిలో చదువుతున్నారు, తెలుగు బైబిలు కూడబలుక్కుని చదువుతారు. ఆ భాగం తెలుగులో అయ్యాక ఒక కుర్రాడి చేత ఒడియాలో కూడా చదివించండి. వెనక బెంచీల్లోని సవర కుటుంబాలకూ అర్థమవుతుంది.

కాగితాల్లో బాప్తిస్మ, వివాహ, సమాధి రిజిస్టర్లు పెద్దల ముందు అప్పగించి సంతకం తీసుకోండి. పెళ్లిళ్ల లైసెన్సు సంగతి చాలామంది మర్చిపోతారు. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం కింద ఒక రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే లైసెన్సు ఆ రాష్ట్రం వరకే. కొత్తాయన ఆంధ్ర నుంచి వస్తుంటే అక్కడి లైసెన్సుతో ఇక్కడ పెళ్లి చేయలేరు. దరఖాస్తు ఇప్పుడే పెట్టించండి. లేదంటే రాబోయే పెళ్లిళ్లకు మళ్లీ మిమ్మల్నే పిలుస్తారు.

మీరు వెళ్లాక ఫోన్లు వస్తాయి. కట్ చేయకండి, ప్రార్థన చేయండి. పెట్టేసే ముందు మీ పాస్టర్ గారికి చెప్పారా అని అడగండి.

అమ్మగారి గురించి, అంటే మీ భార్య గురించి, మీరేమీ రాయలేదు. వీడ్కోలు కూడికలో ఆమెకు ఒక శాలువా కప్పి కూర్చోబెడతారు, అంతే. పురుళ్లకు, చావులకు మీకంటే ముందు ఇళ్లకు వెళ్లింది ఆమే. ఆడవాళ్లు మీకు చెప్పుకోలేనివి ఆమెకే చెప్పుకున్నారు. స్త్రీల సమాజం వాళ్లతో మాట్లాడి, మగవాళ్లు లేకుండా ఆమె కోసం వేరుగా ఒక మధ్యాహ్నం పెట్టించండి.