ఉప్పుగాలిలో ఎన్ని డిస్కులు?

ప్రశ్న: ఈఈఈ మూడో ఏడాది చదువుతున్నాను. సముద్రతీర 220 కేవీ లైన్‌కి కిలోవోల్టుకు 31 మి.మీ. క్రీపేజ్ (ఇన్సులేటర్ ఉపరితలం వెంట కొలిచే దూరం), ఒక్కో పింగాణీ ఇన్సులేటర్ డిస్కుకు 292 మి.మీ. చొప్పున లెక్కిస్తే నాకు 24 డిస్కులొచ్చాయి. జవాబు 27 అట. ఎలాగండీ?
– ఒక విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: మీరు 220తో గుణించారమ్మా. తీసుకోవాల్సింది 220 కేవీ లైన్‌లో ఉండగల గరిష్ఠ వోల్టేజి, 245 కేవీ. 31×245 = 7595 మి.మీ.; 292తో భాగిస్తే 26.01. ఆ కాస్త కూడా తగ్గకూడదు కాబట్టి 27.

ఇంత క్రీపేజ్ ఎందుకంటే, పింగాణీపై పేరుకున్న ఉప్పు పొడిగా ఉన్నంతసేపు ప్రమాదం లేదు. తెల్లవారుజామున మంచుకు తడిస్తే ఉపరితలం వెంట లీకేజీ కరెంటు పారుతుంది. ఆ వేడికి అక్కడక్కడా ఆరిన పట్టీలు ఏర్పడి, వాటి మీదుగా చిన్న ఆర్కులు (విద్యుత్ మెరుపులు) లేస్తాయి. అవి కలిసిపోతే డిస్కుల వరుస మొత్తం మీదుగా ఆర్కు దూకే ఫ్లాషోవరే, లైన్ ట్రిప్పవుతుంది. జోరువాన మాత్రం ఉప్పును కడిగేస్తుంది. అడుగున లోతైన మడతలుండే 432 మి.మీ. యాంటీఫాగ్ డిస్కులైతే 18 చాలు.