లైబ్రరీ మేకర్‌స్పేస్‌తో ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి పాలిటెక్నిక్ ఈసీఈ రెండో ఏడాది. దగ్గర్లోని లైబ్రరీలో మేకర్‌స్పేస్ (పనిముట్లతో వస్తువులు సొంతంగా తయారుచేసుకునే చోటు) పెట్టారు, సాయంత్రాలన్నీ అక్కడే ఉంటోంది. ఉద్యోగానికి పనికొస్తుందా? కిట్ కొనివ్వమంటోంది, కొనాలా?
– ఒక తండ్రి, నర్సంపేట

జవాబు: పనికొస్తుంది. కానీ ఏదో ఒక వస్తువును మొదటి నుంచి చివరిదాకా తనే చేసి, ఎక్కడ చెడిందో, ఎందుకు చెడిందో చెప్పగలగాలి. ఇంటర్వ్యూలో అడిగేది అదే. అక్కడిచ్చే సర్టిఫికెట్‌ను ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

కిట్ ఇప్పుడే వద్దు. 37 సెన్సర్ల డబ్బా కొంటే అందులో వాడేది నాలుగో ఐదో. మీది మిర్చి పండే ప్రాంతం కాబట్టి, నేల తడి చూసి పంపు నడిపే సర్క్యూట్‌తో మొదలుపెట్టమనండి. ఆర్డుయినో ఊనో బోర్డు (ప్రోగ్రామ్ రాసి నడిపించే చిన్న సర్క్యూట్ బోర్డు), కెపాసిటివ్ (లోహం మట్టికి తగలని) తేమ సెన్సర్, 5 వోల్టుల రిలే మాడ్యూల్ (బోర్డు చెప్పినట్టు పంపును ఆన్, ఆఫ్ చేసే స్విచ్), 12 వోల్టుల చిన్న డీసీ పంపు, దానికో అడాప్టర్, 1ఎన్4007 డయోడ్ (కరెంటును ఒకవైపే పోనిచ్చేది) చాలు. బోర్డు, సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటర్ లైబ్రరీలోనే ఉంటాయి కదా. ముందు పూలకుండీ మీద చేయాలి. చేనులోని త్రీఫేజ్ మోటార్ స్టార్టర్ జోలికి మాత్రం అస్సలు పోనివ్వకండి.

తేమ సెన్సర్లలో రెండు పుల్లల రకం చవక. కానీ తడి మట్టిలో కరెంటు పారి దాని లోహపు పూత కొన్ని వారాల్లోనే తుప్పుపట్టి పోతుంది, అందుకే కెపాసిటివ్‌ది తీసుకోవాలి. ఇందులో తడి పెరిగితే బోర్డులో కనిపించే అంకె తగ్గుతుంది. చాలామంది తికమకపడేది ఇక్కడే. ఎండు మట్టిలో ఒకసారి, బాగా తడిపిన మట్టిలో ఒకసారి రీడింగ్ రాసుకుని, ఆ రెండింటి మధ్య పంపు ఆన్, ఆఫ్ హద్దులు పెట్టాలి. ఆన్‌కు, ఆఫ్‌కు ఒకే అంకె పెడితే రిలే టకటకా కొట్టుకుంటుంది, రెండు వేర్వేరు అంకెలు ఉండాలి. పంపు ఆన్ కాగానే బోర్డు రీసెట్ అవుతోందంటే చాలావరకు పంపుకు కూడా బోర్డు నుంచే కరెంటు ఇచ్చారని అర్థం. విడిగా అడాప్టర్ పెట్టి, పంపు తీగల మధ్య డయోడ్‌ను తిరగేసి కట్టాలి, గీత ఉన్న కొస ప్లస్ వైపు. ఇక నల్లరేగడి ఎండి నెర్రెలిస్తే సెన్సర్ చుట్టూ గాలి చేరి, లోపల తడి ఉన్నా పొడి అని చూపిస్తుంది. ఇది గమనించి రాసుకున్న పిల్ల మిగతావాళ్ల కంటే ముందుంటుంది.

కంప్యూటర్‌లో బోర్డు కనబడకపోతే ముందు కేబుల్ మార్చి చూడాలి. ఫోన్ చార్జింగ్ కేబుళ్లు కొన్నింట్లో డేటా తీగలే ఉండవు. 

మీరు ఒకసారి వెళ్లి, నేర్పే మనిషి ఏ వేళల్లో ఉంటారో, సగం చేసిన పని దాచుకోవడానికి చోటుందో లేదో అడగండి. 3డీ ప్రింటర్ ఉన్నా, చూసే మనిషి లేకపోతే నాజిల్ (ప్లాస్టిక్ బయటకొచ్చే మూతి) మూసుకుపోయి మూలకు పడుంటుంది.

సర్క్యూట్ పూర్తయ్యాక హైదరాబాద్ రాయదుర్గంలోని టీ-వర్క్స్‌కు ఒకసారి తీసుకెళ్లండి. 2023లో మొదలైన ఈ ప్రోటోటైపింగ్ (కొత్త వస్తువుల నమూనాలు తయారుచేసే) కేంద్రంలో అసలు పరిశ్రమ యంత్రాలు కనిపిస్తాయి.

బీటెక్ రెండో ఏడాదిలో చేర్చే ఈసెట్‌ రాయాలనుకుంటే మాత్రం, మూడో ఏడాదిలో మేకర్‌స్పేస్‌ను వారానికి ఒక సాయంత్రానికి కుదించమనండి.