రక్తం తీసిన గంట రాసుకో బిడ్డా

హనుమకొండ

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

తీవ్రమైన డెంగీ రోగుల రక్తంలో జన్యువుల పనితీరు మీద నువ్వు పరిశోధన చేయబోతున్నావని మీ బాపు ఫోన్‌లో చెప్పినప్పుడు సంతోషంతో నాకు మాట రాలేదు. ఫోన్ పెట్టేశాక మాత్రం గుబులు మొదలైంది. గ్లౌజులు, ఎథిక్స్ కమిటీ అనుమతి, రోగికి చదివి వినిపించే తెలుగు సమ్మతి పత్రం వంటివి నీకు తెలిసినవే. నేను రాయదలచినది గడియారం సంగతి.

వేల జన్యువుల పనితీరును ఒకేసారి కొలిచే మైక్రోఅరే చిప్పులు కొత్తగా వచ్చిన రోజుల్లో నేను పనిచేసిన ల్యాబుకు మామూలు జ్వరం రోగుల రక్తం పొద్దున ఓపీ నుంచి వచ్చేది, ఏ జన్యువు ఎంత పనిచేస్తోందో చెప్పే ఆర్‌ఎన్‌ఏను అరగంటలో తీసేవాళ్లం. ఐసీయూ రోగుల రక్తం మాత్రం రాత్రి రెండింటికో మూడింటికో వచ్చి, నేను వచ్చేదాకా బల్ల మీది స్టాండులోనే ఉండేది. తొమ్మిదింటికి చూస్తే ఎర్రకణాలు అడుక్కు దిగి, పైన పసుపు నీరు తేలి ఉండేది. ట్యూబును నాలుగుసార్లు తలకిందులు చేసి, ఏమీ జరగనట్టే పని మొదలుపెట్టేవాణ్ని. తీవ్ర రోగులందరిలో ఫాస్, జున్, ఇంటర్‌ల్యూకిన్-8 అనే జన్యువుల పని విపరీతంగా పెరిగినట్టు ఫలితం వచ్చింది. జబ్బు ముదరడానికి కారణం దొరికిందనుకొని ఆరు నెలలు పేపరు రాశాను. చివరికి మా ల్యాబులో కొత్తగా చేరిన ఒక అమ్మాయి నా రక్తమే తీసి, సగం వెంటనే, సగం ఆరు గంటలు బల్ల మీద ఉంచి పరీక్షించింది. ఏ జ్వరమూ లేని నా రక్తంలోనూ అవే జన్యువులు లేచాయి. ట్యూబులోకి వచ్చినంత మాత్రాన తెల్లకణాలు చావవు బిడ్డా. అవి ఆ ట్యూబుకూ, ఆ నిరీక్షణకూ స్పందిస్తూనే ఉంటాయి. పేపరు చించేశాను. కానీ ఐసీయూ గడప దగ్గర నిలబడి వేలిముద్ర వేసిన ఒక తండ్రి ముఖం ఇప్పటికీ గుర్తొస్తుంది. ఆయన కొడుకు బతకలేదు, ఆ పిల్లవాడి రక్తాన్నీ నేను దండుగ చేశాను.

అందుకే తీసిన క్షణంలోనే ఆర్‌ఎన్‌ఏను స్థిరపరిచే ట్యూబులు వాడు. ఖర్చని మీ గైడు గొణిగితే నా పేరు చెప్పు. ములుగు నుంచి వచ్చినా, పక్క వార్డు నుంచి వచ్చినా, ప్రతి ట్యూబు మీదా తీసిన గంట ఉండాలి. యంత్రంలో నడిపే ప్రతి విడతలోనూ తీవ్ర రోగుల నమూనాలు, స్వల్ప రోగుల నమూనాలు రెండూ ఉండేలా చూడు.

రెండో గడియారం జ్వరానిది. 1957లో ఐజాక్స్, లిండెన్‌మన్ కనిపెట్టిన ఇంటర్‌ఫెరాన్ సంగతి నువ్వు చదివావు: వైరస్ సోకిన కణం దాన్ని వదిలితే, పక్క కణాల్లో వందల జన్యువులు మేలుకుంటాయి. డెంగీలో ఆ సందడి మొదటి రోజుల్లో ఎక్కువ. జ్వరం తగ్గి, రక్తనాళాల నుంచి ప్లాస్మా బయటికి కారే ప్రమాద దశ వచ్చేసరికి చాలావరకు సద్దుమణుగుతుంది. ఆరో రోజు వచ్చిన తీవ్ర రోగిని మూడో రోజు వచ్చిన మామూలు రోగితో పోల్చి, ఇంటర్‌ఫెరాన్ లోపమే తీవ్రతకు కారణమని రాశావంటే నా పాత తప్పునే కొత్త యంత్రంతో చేసినట్టు. 2020లో తీవ్ర కోవిడ్ రోగుల్లో ఇంటర్‌ఫెరాన్ స్పందన తగ్గి, వాపు కలిగించే జన్యువులు చెలరేగినట్టు కొన్ని పరిశోధనలు చెప్పాయి. దాన్ని డెంగీ మీద రుద్దకు. జ్వరం ఎన్నో రోజో తల్లినే అడుగు, కేసు షీటును నమ్మకు.

తెల్లకణాల లెక్క కూడా అదే రోజు తీయించు; వాటిలో న్యూట్రోఫిళ్లనే రకం పెరిగి లింఫోసైట్లనే రకం తగ్గితే, ఏ కణంలోనూ జన్యువుల పని మారకపోయినా మారినట్టే కనిపిస్తుంది. నమూనాకు ముందే స్టెరాయిడ్ ఇచ్చారేమో రాసుకో.

రాత్రి నమూనా కోసం వెళ్లాల్సి వస్తే ఒక్కదానివే బండి మీద బయలుదేరకు. నాకు ఫోన్ చెయ్యి. మూడింటికి నేను ఎలాగూ మేలుకొనే ఉంటాను, కారు తీసుకొస్తాను.

మీ మామయ్య